పనస నీడలో ఉగాదికి పూసే మొక్క ఏది పెట్టుకోవాలి?

మార్చిలో ఒక పొద్దున్న పనస చెట్టు కింద రాలుటాకులు ఊడుస్తుంటే చీపురుకి ఏదో మెత్తగా తగిలింది. వంగి చూస్తే ఎండాకుల మధ్య తెల్లటి మొగ్గ. కాడ లేదు, ఆకు లేదు, మట్టిలోంచి నేరుగా పైకొచ్చింది. ఎండ పైకొచ్చేసరికి విచ్చుకుంది. పైన సన్నటి తెల్ల రేకులు, కింద వంగపువ్వు రంగులో రెండుగా చీలిన వెడల్పాటి రేకు. మొహం దగ్గరికి తీసుకెళ్తే తియ్యటి వాసన. జనవరిలో పాతిన భూచంపకం దుంప అది. ఏళ్ల తరబడి "పనస కింద ఏదీ బతకదు" అని మేం వదిలేసిన చోటే అది పూసింది.

అప్పట్నుంచి బంధువులు, ఇరుగుపొరుగు అడుగుతూనే ఉన్నారు. మాదీ నీడ పెరడే, ఏం పెట్టమంటావని. విజయనగరంలో ఇంటి వెనక మామిడి ఉన్నవాళ్లకీ, ఉద్దానంలో కొబ్బరి తోట ఉన్నవాళ్లకీ, శ్రీకాకుళంలో రెండు మేడల మధ్య సందు తప్ప జాగా లేనివాళ్లకీ ఒకే మొక్క చెప్తే అది తప్పుడు సలహా అవుతుంది. అందుకే నేను పెంచి చూసిన ఆరు మొక్కల్ని పక్కపక్కన పెడుతున్నాను. ఆరూ ఒకసారి పెడితే ఏళ్ల తరబడి ఉండేవే. ఐదు ఉగాదికి ఇటూ అటూగా, అంటే ఫిబ్రవరి ఆఖరి నుంచి మే లోపల పూస్తాయి. ఒక్కటి మాత్రం కాస్త ఆలస్యం.

ముందు మీ నీడ సంగతి తేల్చుకోండి

మొక్క పేరు వెతకడానికి ముందు చేయాల్సిన పని ఇది. నూటికి తొంభై మంది దీన్ని వదిలేసి నేరుగా మొక్క కొనేస్తారు.

కొబ్బరి నీడ కదిలే నీడ. మట్టల సందుల్లోంచి ఎండ ముక్కలు ముక్కలుగా పడి జరిగిపోతూ ఉంటుంది. దీని కింద దాదాపు ఏదైనా పెరుగుతుంది. మామిడి, పనస నీడ దట్టం, ఏడాదంతా ఉంటుంది. పైగా వాటి వేళ్లు పైపైనే అల్లుకుని మీరు పోసిన నీళ్లలో సగం తాగేస్తాయి. జీడి మామిడి కింద ఇంకా కష్టం. కొమ్మలు నేలకి వంగి ఉంటాయి, ఆకు దళసరి, తొందరగా కుళ్లదు. వేప, మునగ అయితే వేసవికి ముందు ఆకు పల్చబడుతుంది కాబట్టి కింద మొక్కకి వెలుతురు అందుతుంది.

గోడ నీడ దగ్గర ఒక మోసం ఉంది. ఇంటికి ఉత్తరం వైపు ఎప్పుడూ నీడే అనుకుంటాం. ఫిబ్రవరిలో చూస్తే నిజమే. కానీ శ్రీకాకుళం, విజయనగరం రెండూ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరున్నాయి. మే రెండో వారం నుంచి జూలై ఆఖరి దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి ఉంటాడు. అంటే సరిగ్గా ఎండలు మండే రోజుల్లో ఆ ఉత్తరపు గోడ కింద ఎండ పడుతుంది. ఫిబ్రవరిలో పచ్చగా ఉన్న పీస్ లిల్లీ మే నెలలో కాగితంలా ఎండిపోయిందని ఎవరైనా చెప్తే, నేను ముందు అడిగేది గోడ ఏ దిక్కున ఉందనే.

కాబట్టి మీరు పెట్టాలనుకున్న చోటుని ఒక రోజు పొద్దున్న తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, మూడింటికి వెళ్లి చూడండి. వీలైతే మార్చిలో ఒకసారి, మే నెలలో ఇంకోసారి. తొమ్మిదిలోపు నీరెండ పడితే మంచిదే. పన్నెండు నుంచి మూడు దాకా ఎండ పడితే దాన్ని నీడ అనకండి.

ఇక చూసుకోవాల్సినవి మరో మూడు. వేసవిలో నీళ్లు పోయగలరా? నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఆ చోటు ఉత్త మట్టిగా ఉంటే మీకు ఫర్వాలేదా? ఇంట్లో పాకే పిల్లలు, దొడ్లో మేకలు ఉన్నాయా? ఈ మూడింటికీ నిజాయితీగా జవాబు చెప్పుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే.

ఫోన్‌లో కనిపించే విదేశీ నీడ మొక్కలు

అడవి నీడలో వసంతంలో పూసేవి అని వెతికితే ట్రిలియం, హెలిబోర్, ప్రిమ్‌రోజ్, లిల్లీ ఆఫ్ ది వ్యాలీ ఫోటోలు వస్తాయి. నిజంగానే అందమైనవి. కానీ వాటి లెక్క వేరు. అక్కడి అడవుల్లో చెట్లు చలికాలమంతా మోడుగా ఉండి ఏప్రిల్‌లో చిగురేస్తాయి. పైన ఆకు కమ్మేలోపు నేలకి ఎండ తగిలే ఆ కొద్ది వారాల్లోనే ఈ మొక్కలు గబగబా లేచి పూసేస్తాయి. అలా లేవాలంటే అంతకుముందు వారాల తరబడి గట్టి చలి తగలాలి. మనకి సముద్రం వైపు ఊళ్లలో జనవరి రాత్రులు కూడా సుమారు పదహారు, పదిహేడు డిగ్రీల దగ్గరే ఉంటాయి. ఆ చలికి వాటికి నిద్రే పట్టదు, ఇక లేవడం ఎక్కడిది?

నేనూ ఒకసారి ఆన్‌లైన్‌లో హోస్టా గడ్డలు తెప్పించాను. రెండాకులు వేసింది, వానాకాలం వచ్చేసరికి కుళ్లిపోయింది. డబ్బు పోయిందన్న బాధ కన్నా, నాలుగు నెలలు దానికి చేసిన సేవ వృథా అయిందన్న బాధే ఎక్కువ. ట్రిలియం విత్తనాలంటూ అమ్మేవైతే అసలు వద్దు. వాటి సొంత చోట్లోనే విత్తనం నుంచి పువ్వు దాకా ఐదారేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

మనకీ అలాంటి మొక్కలు లేకపోలేదు. తూర్పు కనుమల్లో ఆకు రాల్చే అడవుల్లో ఫిబ్రవరి, మార్చికి చెట్లు బోసిపోతాయి. మొదటి వేసవి జల్లు పడగానే నేల కింద దుంపలు లేస్తాయి. అక్కడ మంచు కరగడం ఎంతో ఇక్కడ ఆ జల్లు అంత. భూచంపకం, అడవి పసుపు ఆ కోవలోవే.

భూచంపకం

నన్ను ఒక్కటే చెప్పమంటే ఇదే చెప్తాను. నర్సరీల్లో కెంఫీరియా రొటుండా అనాలి. ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడేవాళ్లని అడిగితే భుయిఁ చంపా అంటారు. అల్లం, పసుపు కుటుంబం. వేళ్ల చివర చిన్న చిన్న గుండ్రటి గడ్డలు వేలాడతాయి. ఆ గడ్డల్లో దాచుకున్న తిండితోనే ఆకు లేకుండా ముందు పువ్వు పూస్తుంది. అందుకే పనస లాంటి దట్టమైన నీడ కిందా పూయగలుగుతుంది.

లోపం కూడా చెప్పాలి. ఒక్కో పువ్వు ఒక్క రోజే. పొద్దున్న విచ్చుకుని సాయంత్రానికి వాలిపోతుంది. దుబ్బు పెద్దదైతే ఒకటి పోయి ఒకటి, కొన్ని వారాలు పూస్తూనే ఉంటుంది. మొదటి ఏడాది మాత్రం నాలుగైదు పూలకన్నా ఆశపడకండి. పువ్వు నేలకి అంటుకుని ఉంటుంది కాబట్టి దారికి దూరంగా పెడితే కనిపించదు. గుమ్మం పక్కనో, తులసి కోట దగ్గరో, రోజూ మీ అడుగు పడే చోటే దీనికి సరి.

పువ్వులు అయ్యాక వచ్చే ఆకే నాకు పువ్వంత ఇష్టం. మూరెడు ఎత్తు, పైన ముదురు పచ్చ మీద వెండి మచ్చలు, తిప్పి చూస్తే వంకాయ రంగు. వానాకాలమంతా ఉంటుంది. కార్తీకం దాటాక పసుపెక్కి పడిపోతుంది. అక్కడితో మొక్క చచ్చిపోయిందనుకుని తవ్వి పారేస్తారు. మా ఇంట్లోనూ ఒక జనవరిలో పెరడు బాగుచేయడానికి వచ్చిన మనిషి గునపంతో దుబ్బంతా పెళ్లగించేశాడు. తప్పు అతనిది కాదు, గుర్తు పెట్టని నాది. ఇప్పుడు చుట్టూ నాలుగు ఇటుక ముక్కలు పాతి ఉంచుతాను.

ఫిబ్రవరి ఆఖర్లో ఆ ఉత్త మట్టిని రెండు మూడుసార్లు తడుపుతాను. పక్కింటి పిన్ని చూసి, "ఏటమ్మా, మొక్క లేదు మోడు లేదు, ఉత్తి మట్టికి నీల్లు పోస్తన్నావు?" అంది. మూడు వారాలకి పూసిన పువ్వుని దేవుడి దగ్గర పెట్టుకోడానికి ఆవిడే కోసుకెళ్లింది.

ఫుట్‌బాల్ లిల్లీ

మన వైపు మే నెల పువ్వు అంటే చాలామందికి ఇదే గుర్తొస్తుంది. స్కాడాక్సస్ మల్టీఫ్లోరస్. ఆఫ్రికా మొక్కే అయినా మన పెరళ్లలో సొంత మొక్కలా కలిసిపోయింది. ఏప్రిల్, మే నెలల్లో వేసవి జల్లు పడగానే లావుపాటి కాడ లేచి, దాని మీద సన్నటి ఎర్ర పూలు వంద, ఒక్కోసారి రెండొందల దాకా కలిసి బంతిలా విచ్చుకుంటాయి. బంతి జానెడు వెడల్పు ఉంటుంది. దూరం నుంచి కనిపించే పువ్వు కావాలంటే ఈ ఆరింట్లో దీనికి పోటీ లేదు.

గడ్డకి ఏడాదికి ఒక్కటే బంతి. వారం, పది రోజులు ఉంటుంది. అందుకే ఒక గడ్డ కొని పెట్టడం దండగ, ఐదారు దగ్గర దగ్గరగా పెట్టాలి. ఒకసారి పెట్టాక కదపకూడదు. పిలకలు వేరు చేస్తే మరుసటి ఏడాది అలిగినట్టు పూయదు. నీడ బాగా ఓర్చుకుంటుంది, అయితే పొద్దుటి వెలుతురు కాస్త ఉంటే కాడ వాలిపోకుండా నిలబడుతుంది.

ఇది విషం మొక్క. గడ్డ, ఆకు ఏది తిన్నా వాంతులవుతాయి. మేకలు, దూడలు స్వేచ్ఛగా తిరిగే దొడ్లో పెట్టకండి. గడ్డలు ఉల్లిపాయల్లా ఉంటాయి కాబట్టి నాటేముందు వంటింటి గట్టు మీద అసలు ఉంచకండి.

అడవి పసుపు

కస్తూరి పసుపు అని కూడా అంటారు, కర్క్యుమా అరోమాటికా. ఏప్రిల్, మే నెలల్లో ఆకు కన్నా ముందో ఆకుతో పాటో పూల కంకి వస్తుంది. అసలు పూలు పసుపు రంగువే, చిన్నవి. అందమంతా కంకి పైన గులాబీ రంగు తొడిమాకుల్లో ఉంది. అవి రెండు వారాలకి పైగా వాడవు, కోసి నీళ్లలో పెట్టినా నిలుస్తాయి. దుంప గిల్లితే కర్పూరం లాంటి వాసన వస్తుంది.

పెద్ద తోట ఉన్నవాళ్లకి ఇది వరం. కొబ్బరి వరసల మధ్య, మామిడి చుట్టూ నాలుగేళ్లలో పచ్చగా కమ్మేస్తుంది, వానాకాలంలో కలుపు కూడా లేవనివ్వదు. చిన్న పెరడు వాళ్లకి అదే సమస్య. ఆకు నడుం ఎత్తు లేస్తుంది, పక్క మొక్కని మింగేస్తుంది. చిన్న జాగాలో పెట్టాలని మనసు పడితే పాత సిమెంటు తొట్టిలో పెట్టండి.

దుంపలు పెంచేవాళ్ల దగ్గర తీసుకోండి. సీతంపేట, సాలూరు కొండల వైపు వెళ్లినప్పుడు అడవిలో పూసింది కదా అని తవ్వి తేవద్దు. ఇది నేను గట్టిగా చెప్పే మాట. అక్కడ ఒక దుబ్బు పోతే ఆ చోట మళ్లీ రావడానికి ఏళ్లు పడుతుంది. అడవిలో నేల మీద పూసే ఆర్కిడ్ల సంగతీ అంతే. అవి తెచ్చినా మన పెరట్లో బతకవు.

ఎర్ర లిల్లీ, పీస్ లిల్లీ, స్పైడర్ లిల్లీ

ఎర్ర లిల్లీ అంటే బూరల్లా పెద్ద పూలు పూసే హిప్పీయాస్ట్రం. మన అమ్మమ్మల పెరళ్లలో ఉన్నదే. మార్చి, ఏప్రిల్‌లో బోలు కాడ మీద రెండు నుంచి నాలుగు పూలు. దీన్ని నీడ మొక్క అని అమ్ముతారు గానీ అది సగం నిజమే. పొద్దున్న మూడు గంటలైనా ఎండ తగలకపోతే ఆకులే వేస్తుంది, పూయదు. కొబ్బరి కిందైతే బాగుంటుంది, పనస కింద వద్దు. గడ్డ మెడ మట్టి పైకి కనిపించేలా నాటాలి. నవంబర్ నుంచి జనవరి దాకా నీళ్లు తగ్గిస్తే మార్చిలో పువ్వు ఖాయం. వానాకాలంలో నల్లటి ఒంటి మీద తెల్ల, ఎర్ర చుక్కలున్న గొంగళి పురుగులు వచ్చి రాత్రికి రాత్రి ఆకు తినేస్తాయి. చేత్తో ఏరేయడం, వేపనూనె కొట్టడం తప్ప నేను వేరే ఏమీ వాడను. ఇదీ తింటే విషమే.

పీస్ లిల్లీ నిద్రపోదు, ఏడాదంతా పచ్చగా ఉంటుంది. వసంతంలో తెల్లటి పడగలు ఎక్కువ వేస్తుంది. మేడల మధ్య సందుకి, వరండాకి ఇంతకన్నా మంచిది లేదు. కానీ వేసవిలో ఒక్క రోజు నీళ్లు మరిచిపోతే వాలిపోతుంది. ఉప్పు నీటి బోరు ఉన్న ఊళ్లలో ఆకు అంచులు మాడతాయి, వాన నీళ్లు పట్టి పోయగలిగితేనే పెట్టండి. నమిలితే నోరు మండుతుంది కాబట్టి చిన్నపిల్లలకి అందనివ్వకండి.

స్పైడర్ లిల్లీ తెల్లది, సాయంత్రం విచ్చుకుని వాసన వేస్తుంది. నీళ్లు నిలిచే చోట కూడా బతుకుతుంది. నూతి గట్టు పక్కన, గాబు నీళ్లు పారే చోట పెట్టుకోవచ్చు. ఆలస్యంగా పూసేదని మొదట్లో చెప్పింది దీన్నే. ఎక్కువ పూలు వేసవి ఆఖర్లో, వానల్లో వస్తాయి. ఉగాది పువ్వు కావాలనుకునేవాళ్లకి ఇది జవాబు కాదు. దీన్నీ మేకలకి అందనివ్వకూడదు.

ఒక్క చూపులో

| మొక్క | పూసే కాలం | ఎంత నీడ | వేసవి నీళ్లు | చలికాలంలో | పిల్లలు, పశువులు |
|---|---|---|---|---|---|
| భూచంపకం | మార్చి, ఏప్రిల్ | దట్టమైనదైనా సరే | పూతకి ముందు కొంచెం, ఆకు వచ్చాక మామూలుగా | మాయమవుతుంది | భయం లేదు, కోళ్లు కెలుకుతాయి |
| ఫుట్‌బాల్ లిల్లీ | ఏప్రిల్, మే | మధ్యస్థం | కొంచెం | మాయమవుతుంది | విషం |
| అడవి పసుపు | ఏప్రిల్, మే | పల్చనిది నుంచి మధ్యస్థం | కొంచెం | మాయమవుతుంది | భయం లేదు |
| ఎర్ర లిల్లీ | మార్చి, ఏప్రిల్ | పల్చనిదే, పొద్దుటి ఎండ కావాలి | మధ్యస్థం | ఆకు తగ్గుతుంది | విషం |
| పీస్ లిల్లీ | వసంతంలో ఎక్కువ | దట్టమైనదైనా సరే | రోజూ | పచ్చగా ఉంటుంది | నోరు మండుతుంది |
| స్పైడర్ లిల్లీ | వేసవి ఆఖరు, వానాకాలం | పల్చనిది నుంచి మధ్యస్థం | ఎక్కువ | పచ్చగా ఉంటుంది | విషం |

ఎవరికి ఏది

పనికి హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉండి పండగలకి మాత్రం ఊరొచ్చే కుటుంబాలు మన వైపు ఎన్నో. ఇంట్లో ముసలివాళ్లే ఉంటారు, రోజూ బకెట్లు మోయలేరు. అలాంటి ఇంటికి పీస్ లిల్లీ తెచ్చి పెడితే వాళ్ల మీద బరువు వేసినట్టే. నిద్రపోయే దుంపలే మేలు. ఉగాదికి వచ్చేవాళ్లు భూచంపకం, పిల్లల సెలవులకి వచ్చేవాళ్లు ఫుట్‌బాల్ లిల్లీ పెట్టుకుంటే ఉన్న నాలుగు రోజుల్లో పువ్వు చూసే అవకాశం ఎక్కువ.

అద్దె ఇల్లయితే భూచంపకాన్ని వెడల్పాటి కుండీలో పెంచండి. చలికాలంలో ఇల్లు మారితే కుండీని అలాగే మోసుకెళ్లొచ్చు, దానికి ఏమీ తెలియదు.

ఉద్దానం వాళ్లకి వేరే మాట చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి వైపు ఇసక నేలలో నీళ్లు నిలవవు కాబట్టి దుంప కుళ్లే భయం తక్కువ. కానీ నీడే స్థిరం కాదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి, పనస తోటలు పడిపోయిన సంగతి చూసినవాళ్లెవరూ మరిచిపోరు. 2014లో హుద్‌హుద్ వచ్చింది కూడా అక్టోబర్‌లోనే. అక్టోబర్ నాటికి అడవి పసుపు, భూచంపకం ఆకు పని దాదాపు అయిపోతుంది, తిండి దుంపలోకి చేరిపోతుంది. పైన ఆకు చిరిగినా కింద మొక్క చెడదు. చెట్టే పడిపోయి ఎండ తగిలితే, చలికాలంలో దుంపలు తవ్వి ఇంకో నీడకి మార్చుకునే వీలుంది. అందుకే అక్కడికి నా సలహా, కొబ్బరి మధ్య అడవి పసుపు, ఇంటి పక్క పనస కింద భూచంపకం.

వంశధార, నాగావళి పక్క బంకమట్టి ఊళ్లలో తుపాను వానలకి దుంప కుళ్లుతుంది. జానెడు ఎత్తు మట్టి పోసి, అందులో ఇసక, మాగిన గత్తం కలిపి ఆ దిబ్బ మీద నాటాలి. విజయనగరం ఎర్రనేలలో ఇంత అవసరం లేదు, గత్తం ఒక్కటే కాస్త ఎక్కువ వేయాలి.

దొడ్లో మేకలుంటే అల్లం కుటుంబానికి చెందిన భూచంపకం, అడవి పసుపు రెండే, మరో మాట లేదు.

నాటే వేళ

నర్సరీలో పువ్వుతో ఉన్న మొక్క చూసి ఏప్రిల్‌లో కొనడం మనకి అలవాటు. కడియం నుంచి వ్యాన్లలో వచ్చేవి కూడా అప్పుడే మెరుస్తూ కనిపిస్తాయి. దుంప మొక్కలకి ఆ వేళ సరికాదు. జనవరి, ఫిబ్రవరిలో నిద్రలో ఉన్న దుంపలు తెచ్చి నాటండి. తెలిసినవాళ్ల దుబ్బులోంచి అడిగి తెచ్చుకుంటే ఖర్చూ ఉండదు. భూచంపకం రెండు అంగుళాల లోతు, అడవి పసుపు ఇంకొంచెం లోతు. ఫుట్‌బాల్ లిల్లీ మెడ మట్టితో సమానంగా ఉండాలి.

పనస, మామిడి కింద నాటేటప్పుడు లావు వేళ్లు నరక్కండి. మొదలు నుంచి రెండు బారల దూరం జరిగి, వేళ్ల సందులో గొయ్యి దొరికిన చోటే పెట్టండి. సందు దొరక్కపోతే అడుగున చిల్లులున్న కుండీలో పెట్టి ఆ కుండీనే సగం దాకా పాతేయండి. పైన రాలుటాకు రెండు వేళ్ల మందం వదిలేయండి. మార్చి వచ్చాక ఆ కాస్త మేర మాత్రం చీపురు వేయకుండా చేత్తో ఏరుకోండి. మొగ్గ ఆ ఆకుల కిందే ఉంటుంది.